డేటాబేసు క్లస్టర్లకు నెట్‌వర్కు ఫ్లాష్ నిల్వ

నెట్‌వర్కు ఫ్లాష్ నిల్వ అనగా ఫ్లాష్ మెమరీతో తయారైన డిస్కులను ఒక్కొక్క సర్వరు లోపల విడివిడిగా బిగించక, ఒకచోట చేర్చి, నెట్‌వర్కు ద్వారా అనేక సర్వర్లకు అందుబాటులో ఉంచే ఏర్పాటు. బ్యాంకు ఖాతాలు, రైలు రిజర్వేషన్లు, ఆసుపత్రి రికార్డులు వంటి వాటిని భద్రపరచే డేటాబేసులు నేడు చాలాచోట్ల నేరుగా యంత్రం మీద కాక వర్చువల్ మెషీన్లలో నడుస్తున్నాయి. అటువంటి మెషీన్లు కొన్ని కలిసి ఒకే డేటాబేసుగా పనిచేస్తే దానిని డేటాబేసు క్లస్టరు అంటారు. ఈ క్లస్టరుకు తగిన నిల్వను ఎలా రూపొందిస్తారో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఫ్లాష్ అనగానే వేగం గుర్తుకు వస్తుంది. నిజానికి ఈ రూపకల్పనలో వేగం సులభమైన భాగం. "మీ సొమ్ము జమ అయినది" అని డేటాబేసు ఖాతాదారుకు చెప్పిన మరుక్షణమే కరెంటు పోయినా, డిస్కు పాడైనా, కేబులు ఊడినా ఆ మాట నిలబడాలి. డేటాబేసుకూ ఫ్లాష్ చిప్పుకూ మధ్య అయిదారు అంచెలు ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి తొందరపడి "వ్రాశాను" అన్నా ఆ మాట తప్పుతుంది.

చిట్టా, ఆవర్జా

డేటాబేసు పని తీరును అర్థం చేసుకోవడానికి మన పాత పద్దు పుస్తకాలు బాగా ఉపకరిస్తాయి. వర్తకులు ప్రతి లావాదేవీనీ జరిగిన వరుసలో మొదట చిట్టాలో వ్రాసేవారు. తరువాత తీరికగా ఆయా ఖాతాదారుల పేర్ల కింద ఆవర్జాలోకి ఎక్కించేవారు. డేటాబేసు కూడా ఇంతే. మార్పును మొదట ఒక చిట్టా ఫైలు చివర చేరుస్తుంది. అసలు పట్టికలలోని పేజీలను తరువాత సవరిస్తుంది. మధ్యలో యంత్రం ఆగిపోతే, తిరిగి లేచిన తరువాత చిట్టా చదువుకొని ఆవర్జాను సరిచేసుకుంటుంది. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, మైసీక్వెల్ వంటివన్నీ వివరాలలో తేడా ఉన్నా ఈ సూత్రం మీదనే నడుస్తాయి.

దీనినిబట్టి నిల్వ మీద పడే పని రెండు రకాలని తెలుస్తుంది. చిట్టా వ్రాతలు చిన్నవి, వరుసగా వచ్చేవి. కాని ప్రతి లావాదేవీ ఆ వ్రాత పూర్తి అయ్యేవరకు ఆగవలసిందే. ఆవర్జా చదువులు, వ్రాతలు చెల్లాచెదరుగా ఉంటాయి, సంఖ్యలో ఎక్కువ, అయితే వాటిలో చాలా భాగం ఏకకాలంలో జరగవచ్చు. మొదటి దానికి కావలసినది తక్కువ ఆలస్యం, రెండవ దానికి కావలసినది ఎక్కువ సామర్థ్యం. ఈ రెంటినీ కలిపి "వేగం" అనే ఒకే మాటతో చెప్పడం వల్ల చాలా గందరగోళం పుడుతుంది.

ఫ్లాష్ మెమరీ స్వభావం

ఫ్లాష్ మెమరీని జపానుకు చెందిన తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా కనిపెట్టాడు. 1984లో నార్ రకాన్ని, 1987లో నాండ్ రకాన్ని ప్రకటించారు. నేటి డిస్కులలో ఉండేది నాండ్ రకం. ఒక పెద్ద భాగాన్ని ఒక్కసారిగా చెరిపివేయడం కెమెరా ఫ్లాష్ వెలగడాన్ని తలపించినందువల్ల ఈ పేరు వచ్చింది.

హార్డ్ డిస్కుతో పోలిస్తే తేడా ఎంతో చూద్దాం. నిమిషానికి 15,000 చుట్లు తిరిగే డిస్కు ఒక చుట్టు తిరగడానికి 4 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున అందులో సగం, సూది సరైన వలయానికి జరగడానికి మరో మూడు నాలుగు మిల్లీసెకన్లు. అంటే సెకనుకు రెండు వందల లోపు చదువులు. ఫ్లాష్‌లో కదిలే భాగాలేవీ లేవు కనుక ఒక పేజీని చదవడానికి సుమారు 50 నుండి 100 మైక్రోసెకన్లు చాలు; పైగా ఒకే డిస్కులోని అనేక చిప్పులు ఒకేసారి పనిచేస్తాయి.

అయితే ఫ్లాష్‌కు ఒక విచిత్రమైన లక్షణం ఉంది. పలక మీద ఒక అక్షరం తప్పు పోతే ఆ అక్షరాన్నే చెరిపి మళ్ళీ వ్రాయవచ్చు. ఫ్లాష్‌లో అలా కుదరదు. వ్రాయడం కొన్ని కిలోబైట్ల పేజీ లెక్కన జరిగితే, చెరపడం వందల కొలదీ పేజీలున్న బ్లాకు లెక్కన జరుగుతుంది. అందువల్ల డిస్కు లోపలి కంట్రోలరు కొత్త సమాచారాన్ని ఖాళీగా ఉన్న మరొక పేజీలో వ్రాసి, పాతదానిని చెల్లనిదిగా గుర్తు పెట్టుకొని, వీలు చూసుకొని బ్లాకులను శుభ్రం చేస్తుంది. ఈ సర్దుబాటు వల్ల సర్వరు పంపినదాని కంటే చిప్పుల మీద పడే వ్రాత ఎక్కువవుతుంది. శుభ్రం చేసే సమయంలో వచ్చిన చదువులు అప్పుడప్పుడు మిల్లీసెకన్ల కొద్దీ ఆగిపోతాయి కూడా. సగటు చూసి తృప్తి పడక, వెయ్యి చదువులలో అన్నిటికంటే ఆలస్యమైన ఒకటి ఎంత పట్టిందో చూడాలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

ప్రతి బ్లాకునూ చెరపడానికి ఒక పరిమితి ఉంది. ఒక కణంలో ఒకే బిట్టు దాచే పాత రకం సుమారు లక్ష సార్లు తట్టుకునేది. మూడు బిట్లు దాచే రకానికి ఇది వేలల్లోకి దిగింది. తయారీదారులు దీనిని "రోజుకు డిస్కు మొత్తాన్ని ఎన్నిసార్లు నింపవచ్చు" అనే అంకెతో చెబుతారు. ఉదాహరణకు మన డేటాబేసు రాత్రింబవళ్ళు సెకనుకు 200 మెగాబైట్లు వ్రాస్తుందనుకొందాం. రోజుకు 17.28 టెరాబైట్లు. ప్రతిదానికీ రెండు ప్రతులు ఉంచితే 34.56 టెరాబైట్లు. రోజుకు ఒకసారి చొప్పున అయిదేళ్ళు నింపవచ్చునని హామీ ఉన్న 3.84 టెరాబైట్ల డిస్కులు ఆరు కొంటే అవి రోజుకు 23.04 టెరాబైట్లకే సరిపోతాయి. అయిదేళ్ళ హామీ మూడేళ్ళ నాలుగు నెలలకే కరిగిపోతుంది. పన్నెండు కొంటే నిశ్చింత. ఇక్కడ డిస్కుల సంఖ్యను నిర్ణయించినది సమాచార పరిమాణం కాదు, వ్రాత భారం.

నెట్‌వర్కు ఎందుకు?

ఇంత వేగమైన డిస్కును సర్వరులోనే ఉంచుకోక నెట్‌వర్కు అవతల పెట్టడం ఎందుకన్న సందేహం సహజం. ఒకే సర్వరుతో నడిచే చిన్న డేటాబేసుకు నిజంగానే అవసరం లేదు. వర్చువల్ మెషీను అనేది హైపర్‌వైజరు అనే సాఫ్ట్‌వేరు ఒక సర్వరులో సృష్టించే మిథ్యా యంత్రం. వీఎంవేర్ సంస్థ ఈఎస్‌ఎక్స్ సర్వరు 2001లోను, లినక్సు కెర్నెలులో కేవీఎం 2007లోను వచ్చాయి. నడుస్తున్న మెషీనును ఆపకుండానే ఒక సర్వరు నుండి మరొక సర్వరుకు తరలించవచ్చు. సర్వరు చనిపోతే మెషీనును మరొకచోట తిరిగి లేపవచ్చు. కాని దాని డిస్కు చనిపోయిన సర్వరులోనే చిక్కుకొని ఉంటే లేపి ప్రయోజనమేమి? నిల్వ అందరికీ ఉమ్మడిగా ఉండడంలోని అసలు ప్రయోజనం ఇదే. ఒరాకిల్ వారి రియల్ అప్లికేషన్ క్లస్టర్లు (2001) వంటి వాటిలోనైతే అన్ని మెషీన్లూ ఒకే డిస్కును ఏకకాలంలో చదివి వ్రాస్తాయి కనుక ఉమ్మడి నిల్వ తప్పనిసరి.

మరొక కారణం కూడా ఉంది. పది మెషీన్ల వరుస వ్రాతలు ఒకే నిల్వలోకి వచ్చి కలిసేసరికి వరుస చెదిరి కలగాపులగం అవుతుంది. తిరిగే డిస్కులకు ఇది ప్రాణసంకటం. ఫ్లాష్‌కు పెద్ద పట్టింపు లేదు. వర్చువల్ మెషీన్లలో పెద్ద డేటాబేసులు నడపడం ఫ్లాష్ చౌక అయిన తరువాతనే మామూలు విషయం కావడానికి ఇదొక కారణం.

నెట్‌వర్కు పద్ధతులలో ఫైబర్ చానెల్ 1990ల నాటిది. మామూలు ఈథర్నెట్ మీద నడిచే ఐస్కజీ 2004లో ప్రమాణంగా ప్రచురితమైంది. ఈ రెండూ తిరిగే డిస్కుల కాలపు స్కజీ ఆదేశాలనే మోసేవి. ఫ్లాష్ కోసమే ప్రత్యేకంగా రూపొందిన ఎన్‌వీఎంఈ ప్రమాణం 2011లో వచ్చింది. అంతకు ముందరి ఏహెచ్‌సీఐ పద్ధతిలో 32 ఆదేశాలు పట్టే ఒకే ఒక వరుస ఉండగా, ఎన్‌వీఎంఈలో 65 వేలకు పైగా వరుసలు, ఒక్కొక్క దానిలో దాదాపు అన్నే ఆదేశాలు ఉండవచ్చు. ఇదే పద్ధతిని నెట్‌వర్కు మీదికి విస్తరించిన ప్రమాణం 2016లో వెలువడింది. అది మొదట ప్రత్యేక పరికరాలు అవసరమైన మార్గాల మీదనే నడిచేది. 2018 నవంబరులో టీసీపీ మీద నడిచే రూపం ఆమోదం పొందాక సాధారణ ఈథర్నెట్ స్విచ్చులతోనే ఇది సాధ్యమైంది.

లెక్కలు

రూపకల్పన మొదలయ్యేది లెక్కతో. ఒక పెట్టెలో 24 పాత డిస్కులు ఉన్నాయనుకొందాం. ఒక్కొక్కటి సెకనుకు 200 చదువులు, ఒక్కొక్క చదువు 8 కిలోబైట్లు. మొత్తం 4,800 చదువులు, సెకనుకు సుమారు 39 మెగాబైట్లు. ఒక గిగాబిట్ తీగ సెకనుకు 125 మెగాబైట్లు మోస్తుంది కనుక తీగ మూడింట రెండు వంతులు ఖాళీగానే ఉంటుంది. ఇప్పుడు అదే పెట్టెలో 24 ఎన్‌వీఎంఈ ఫ్లాష్ డిస్కులు పెడదాం. ఒక్కొక్కటి సెకనుకు 3 గిగాబైట్లు చదవగలిగితే మొత్తం 72 గిగాబైట్లు, అంటే 576 గిగాబిట్లు. 25 గిగాబిట్ తీగ ఒకటి ఒక్క డిస్కుతోనే దాదాపు నిండిపోతుంది. ఒకప్పుడు తీగ డిస్కు కోసం ఎదురుచూసేది, నేడు డిస్కు తీగ కోసం ఎదురుచూస్తున్నది. పాత నెట్‌వర్కునే ఉంచి డిస్కులు మాత్రం మార్చినవారికి ఆశించిన ఫలితం రాకపోవడంలో వింత లేదు.

రెండవ లెక్కకు 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఆధారం. ఏకకాలంలో పెండింగులో ఉండే ఆదేశాల సంఖ్య, సెకనుకు పూర్తయ్యే ఆదేశాల సంఖ్యను ఒక్కొక్కదాని కాలంతో గుణించిన దానికి సమానం. సెకనుకు లక్ష చదువులు కావాలి, ఒక్కొక్కటి అర మిల్లీసెకను పడుతుంది అంటే ఎప్పుడూ 50 ఆదేశాలు దారిలో ఉండాలి. ఆవర్జా చదువులకు ఇది కష్టం కాదు. కాని చిట్టా వ్రాతలు ఒకదాని తరువాత ఒకటి జరగాలి. అక్కడ దారిలో ఉండేది ఒకటే. అర మిల్లీసెకను పట్టే నిల్వ మీద ఒకే వినియోగదారుడు సెకనుకు రెండు వేల లావాదేవీలకు మించి చేయలేడు, నిల్వ సామర్థ్యం లక్ష అయినా పది లక్షలైనా సరే. అనేకమంది లావాదేవీలను గుంపుగా కలిపి ఒకే చిట్టా వ్రాతతో ముగించే ఉపాయం డేటాబేసులలో ఉన్నది ఇందుకోసమే. ప్రకటనలలో కనిపించే పెద్ద అంకెలు మొదటి రకానికి చెందినవని, బ్యాంకు గుమాస్తా ముందు తెర ఆగిపోవడానికి కారణం తరచు రెండవ రకమని గుర్తుంచుకుంటే చాలు.

"వ్రాశాను" అన్న మాట

ఒక వ్రాత దాటే అంచెలు ఇవి: డేటాబేసు, వర్చువల్ మెషీనులోని ఆపరేటింగ్ సిస్టము, హైపర్‌వైజరు, నెట్‌వర్కు, నిల్వ పెట్టె కంట్రోలరు, డిస్కు లోపలి కంట్రోలరు, చివరకు ఫ్లాష్ చిప్పు. దాదాపు ప్రతి అంచెలోను కొంత తాత్కాలిక మెమరీ ఉంటుంది. సమాచారం అక్కడికి చేరగానే "అయింది" అని చెప్పేస్తే పని వేగంగా కనిపిస్తుంది. కరెంటు పోతే ఆ మెమరీలోనిది మాయమవుతుంది. అందుకని డేటాబేసు ప్రతి లావాదేవీ చివర "ఉన్నదంతా శాశ్వత స్థానానికి చేర్చి చెప్పు" అనే ప్రత్యేక ఆదేశం పంపుతుంది. లినక్సు, యూనిక్సులలో దీనిని ఎఫ్‌సింక్ అంటారు. ఈ ఆదేశాన్ని ప్రతి అంచె నిజాయితీగా కిందికి పంపాలి. కొన్ని హైపర్‌వైజర్లలో దీనిని పట్టించుకోకుండా వదిలేసే అమరిక ఉన్నది. అది పరీక్షల కోసం ఉద్దేశించినది. వేగం పెరిగిందని డేటాబేసుకు దానిని వాడడం ఆత్మహత్యా సదృశం.

మంచి నిల్వ పెట్టెలు తాత్కాలిక మెమరీనే నమ్మదగినదిగా చేస్తాయి. ఆ మెమరీకి బ్యాటరీ గాని కెపాసిటర్లు గాని తోడుగా ఉంచి, రెండు కంట్రోలర్లలోను ప్రతి ఉంచిన తరువాతనే "అయింది" అంటాయి. సంస్థల కోసం తయారు చేసే ఫ్లాష్ డిస్కులలో కూడా కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు పోయిన తరువాత మిగిలిన కొద్ది మిల్లీసెకన్లలో మెమరీలోనిదంతా చిప్పులకు ఎక్కిస్తాయి. ఇంటి కంప్యూటర్ల కోసం చేసే చౌక డిస్కులలో చాలావాటికి ఇవి ఉండవు. 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం, హెచ్‌పీ పరిశోధనశాలలకు చెందినవారు 15 ఫ్లాష్ డిస్కులకు పదేపదే కరెంటు తీసి పరీక్షించగా, 13 డిస్కులు ఏదో ఒక విధంగా తప్పాయి. ధర చూసి డిస్కులు ఎంచుకునేవారు ఈ అంకెను మరువరాదు.

సాఫ్ట్‌వేరు కూడా తప్పటడుగు వేయగలదు. 2018లో పోస్ట్‌గ్రెస్ రూపకర్తలు ఒక కలవరపరచే విషయం గుర్తించారు. లినక్సులో ఎఫ్‌సింక్ ఒకసారి విఫలమై పొరపాటు సూచన ఇచ్చిన తరువాత, అదే ఆదేశాన్ని మళ్ళీ ఇస్తే "అయింది" అని జవాబు రావచ్చు. మొదటి విఫలం తరువాత కెర్నెలు ఆ పేజీలను వ్రాయవలసిన జాబితా నుండి తీసివేయడమే దీనికి కారణం. పోస్ట్‌గ్రెస్ ఏళ్ళ తరబడి రెండవ జవాబును నమ్ముతూ వచ్చింది. 2019 ఫిబ్రవరిలో విడుదలైన సవరణలతో, ఎఫ్‌సింక్ విఫలమైతే డేటాబేసు తనంతట తానే ఆగిపోయి, చిట్టా చదువుకొని తిరిగి లేచేటట్లు మార్చారు. సర్వరులోని డిస్కు వ్రాత విఫలమవడం అరుదు. నెట్‌వర్కు నిల్వలో దారి తెగడం, ఉమ్మడి స్థలం నిండిపోవడం వంటి కారణాలతో ఇది అంత అరుదు కాదు. అందువల్ల ఈ విషయం నెట్‌వర్కు నిల్వ వాడేవారికి మరింత ముఖ్యం.

ప్రతులు ఎక్కడ ఉండాలి?

అనేక డిస్కులను కలిపి ఒకటి పోయినా సమాచారం నిలిచేటట్లు చేసే రెయిడ్ పద్ధతిని 1988లో బర్క్‌లీకి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ వివరించారు. ఒక డిస్కు వైఫల్యానికి మరొక డిస్కు వైఫల్యంతో సంబంధం లేదన్న ఊహ దీని వెనుక ఉన్నది. ఫ్లాష్ విషయంలో ఈ ఊహ అన్నివేళలా నిజం కాదు. 2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ తన ఫ్లాష్ డిస్కులలో కొన్ని నమూనాలు సరిగ్గా 32,768 గంటలు పనిచేసిన తరువాత ఆగిపోతాయని, అందులోని సమాచారం తిరిగి రాదని హెచ్చరించి, సవరించిన ఫర్మ్‌వేరును విడుదల చేసింది. ఆ సంఖ్య రెండు యొక్క పదిహేనవ ఘాతమని గణిత విద్యార్థులు వెంటనే గుర్తిస్తారు. గంటలు లెక్కించే చోటు నిండిపోవడమే ఇటువంటి సంఖ్య సూచించేది. ఒకే రోజు కొని ఒకే రోజు ఆన్ చేసిన డిస్కులన్నీ 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలకు కలిసి పోతే రెయిడ్ ఏమీ చేయలేదు. కనుక రెండవ ప్రతి వేరే పెట్టెలో, వీలైతే వేరే తయారీ డిస్కుల మీద ఉండడం మేలు.

వర్చువల్ మెషీన్ల వల్ల మరొక చిక్కు ఉంది. డేటాబేసు క్లస్టరులోని రెండు మెషీన్లు రెండు వేర్వేరు సర్వర్లలో ఉన్నాయని మనం అనుకుంటాం. హైపర్‌వైజరు భారం సర్దే క్రమంలో రెంటినీ ఒకే సర్వరు మీదికి చేర్చి ఉండవచ్చు. ఇవి ఎప్పుడూ కలిసి ఉండరాదన్న నియమాన్ని స్పష్టంగా పెట్టాలి. అలాగే రెండు నెట్‌వర్కు దారులు ఒకే స్విచ్చు గుండా పోతుంటే అవి రెండు కావు, ఒకటే.

ఇంకొక ప్రమాదం, మెషీన్ల మధ్య సంబంధం తెగినప్పుడు ప్రతిదీ "నేనే యజమానిని" అనుకొని వ్రాయడం. ఒకే ఆవర్జాలో ఇద్దరు గుమాస్తాలు ఒకరికి తెలియకుండా ఒకరు వ్రాసినట్లు అవుతుంది. దీనికి విరుగుడు వెలివేయడం. కొత్త యజమాని బాధ్యత తీసుకునే ముందు పాత మెషీనుకు వ్రాసే హక్కు లేకుండా చేయాలని నిల్వ పెట్టెకే చెబుతుంది. స్కజీలోను ఎన్‌వీఎంఈలోను దీనికి ప్రత్యేక ఆదేశాలు ఉన్నాయి. హైపర్‌వైజరు ఆ ఆదేశాలను అడ్డుకోకుండా కిందికి పంపుతున్నదో లేదో ముందే సరిచూసుకోవాలి.

దూరం

రెండవ ప్రతిని మరొక ఊరిలో ఉంచాలంటే కాంతి వేగం అడ్డు వస్తుంది. గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. వంద కిలోమీటర్లు వెళ్ళి రావడానికి ఒక మిల్లీసెకను. ఫ్లాష్ చదువు కంటే ఇది పది రెట్లు. అవతలి ప్రతి కూడా పూర్తయ్యేవరకు ఆగితే ప్రతి లావాదేవీకి ఈ కాలం కలుస్తుంది. ఆగకపోతే ప్రమాదం జరిగినప్పుడు చివరి క్షణాల లావాదేవీలు పోవచ్చు. ఈ రెంటిలో ఏది ఎంచుకోవాలన్నది సాంకేతిక నిపుణుడు ఒక్కడే నిర్ణయించే విషయం కాదు, ఆ సంస్థ పెద్దలు తెలిసి నిర్ణయించవలసినది.

అమెజాన్ అనుభవం

2011 ఏప్రిల్ 21న అమెరికాలోని వర్జీనియాలో అమెజాన్ నెట్‌వర్కు నిల్వకు పెద్ద అంతరాయం కలిగింది. నెట్‌వర్కు సామర్థ్యం పెంచే పనిలో పొరపాటున రద్దీని తక్కువ సామర్థ్యం గల దారిలోకి మళ్ళించారు. నిల్వ యంత్రాలకు తమ రెండవ ప్రతులతో సంబంధం తెగిపోయింది. దారి బాగుపడగానే అవన్నీ ఒక్కసారిగా కొత్త ప్రతులు తయారు చేసుకోవడానికి ఖాళీ స్థలం కోసం ఎగబడ్డాయి; స్థలం అయిపోయింది, వెతుకులాట ఆగలేదు. డిస్కులు పాడైనందువల్ల మొదలైన ప్రమాదం కాదిది. అయినా ఆ మండలంలోని నిల్వలలో 0.07 శాతం సరైన స్థితికి తిరిగి రాలేదని సంస్థ ప్రకటించింది.

ఆ సంస్థే 2014లో ప్రకటించిన ఆరోరా డేటాబేసు వేరొక దారి పట్టింది. దాని రూపకర్తలు 2017లో ప్రచురించిన పత్రంలో వివరాలు ఉన్నాయి. డేటాబేసు మెషీను నెట్‌వర్కు మీద చిట్టా మాత్రమే పంపుతుంది. ఆవర్జాను సవరించే పని నిల్వ యంత్రాలే తమ ఫ్లాష్ డిస్కుల మీద చేసుకుంటాయి. నెట్‌వర్కు భారం ఎంతో తగ్గుతుంది. సమాచారాన్ని 10 గిగాబైట్ల ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు మూడు మండలాలలో రెండేసి చొప్పున ఆరు ప్రతులు ఉంచుతారు. ఆరింటిలో నాలుగు "వ్రాశాను" అంటే వ్రాత పూర్తి అయినట్లు. ఒక మండలమంతా పోయినా నాలుగు మిగులుతాయి కనుక వ్రాత ఆగదు. దానితో పాటు ఇంకొక యంత్రం పోయినా మిగిలిన మూడింటితో సమాచారం నిలుస్తుంది.

ముక్కలను చిన్నవిగా ఉంచడంలో ఒక యుక్తి ఉంది. 10 గిగాబైట్లను 10 గిగాబిట్ దారిలో సుమారు 10 సెకన్లలో తిరిగి తయారు చేయవచ్చు. అదే 4 టెరాబైట్ల డిస్కునంతటినీ సెకనుకు ఒక గిగాబైటు చొప్పున తిరిగి నింపాలంటే గంటకు పైగా పడుతుంది, ఆ గంటలో మరొకటి పోయే అవకాశం ఉంటుంది.

పరీక్షించడం

నిల్వను వాడుకలోకి తెచ్చే ముందు వేగ పరీక్షలు అందరూ చేస్తారు. కొత్త ఫ్లాష్ డిస్కు ఖాళీగా ఉన్నప్పుడు చూపే వేగం నిండిన తరువాత ఉండదు కనుక, ముందు డిస్కులను పూర్తిగా నింపి, గంటల తరబడి వ్రాయించి కొలవాలి. అంతకంటే అవసరమైన పరీక్ష వేరొకటి. ఒక చిన్న ప్రోగ్రాము వరుస సంఖ్యలను ఒక్కొక్కటిగా డేటాబేసులో చేరుస్తూ, "అయింది" అని జవాబు వచ్చిన ప్రతి సంఖ్యనూ వేరొక కంప్యూటరులో నమోదు చేస్తుంది. అది నడుస్తుండగా సర్వరు కరెంటు తీగ లాగివేస్తారు, మరొకసారి స్విచ్చు ఆపుతారు, ఇంకొకసారి ఒక కంట్రోలరును పెట్టె నుండి ఊడదీస్తారు. తిరిగి లేచిన తరువాత రెండు జాబితాలను పోల్చి చూస్తారు. నమోదైన సంఖ్యలలో ఒక్కటి డేటాబేసులో లేకపోయినా, అంచెలలో ఏదో ఒకటి వ్రాయకుండానే వ్రాశానన్నదని అర్థం. అప్పుడు ఒక్కొక్క అంచెలోని తాత్కాలిక మెమరీని ఆపుతూ, తప్పు ఎక్కడున్నదో తేలేవరకు పరీక్షను మళ్ళీ మొదటి నుండి జరపవలసి ఉంటుంది.